సముద్రం అడుగున రాళ్ళేరే నౌక

ఫాక్‌లాండ్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనా యుద్ధం చేస్తున్న రోజులు. 1982 మే 10వ తేదీ రాత్రి, అక్కడి రెండు పెద్ద దీవులను విడదీసే ఇరుకైన జలసంధిలోకి అలాక్రిటీ అనే బ్రిటిష్ ఫ్రిగేట్ (మధ్య తరహా యుద్ధనౌక) ప్రవేశించింది. దక్షిణపు కొస నుంచి ఉత్తరపు కొస దాకా ఆ జలసంధి పొడవునా ప్రయాణించి బయటపడాలన్నది దానికి అందిన ఆదేశం. దారిలో ఇస్లా దె లోస్ ఎస్తాదోస్ అనే అర్జెంటీనా సరఫరా నౌక ఎదురుపడితే దాన్ని ఫిరంగితో కొట్టి ముంచేసింది. ఆ యుద్ధం గురించి రాసినవాళ్ళు ఎక్కువగా ఈ సంగతే చెబుతారు. కానీ ఆ ప్రయాణం వెనుక మరో ప్రశ్న ఉంది. కొద్ది రోజుల్లో బ్రిటిష్ సైన్యం దిగబోయే శాన్ కార్లోస్ తీరానికి దారి ఆ జలసంధి మీదుగానే వెళ్తుంది. అక్కడ అర్జెంటీనా మైన్లు (సముద్రంలో పెట్టే మందుపాతరలు) పరిచిందో లేదో బ్రిటిష్ వైపు ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికి తగిన నౌక, అంటే ఈ వ్యాసం చెప్పబోయే మైన్ హంటర్, బ్రిటిష్ దళాధిపతి రియర్ అడ్మిరల్ వుడ్‌వర్డ్ దగ్గర ఆనాటికి లేదు. అందుకని సుమారు 170 మంది సిబ్బంది ఉన్న ఫ్రిగేట్‌నే పంపి, అది పేలిపోకుండా అవతలికి చేరితే దారిలో మైన్లు లేవని అనుకోవలసి వచ్చింది. నౌకాధిపతి క్రిస్టఫర్ క్రెయిగ్‌కు తనను ఎందుకు పంపుతున్నారో అర్థమయ్యే ఉంది. నౌక క్షేమంగా బయటపడింది. క్రెయిగ్ పేరు ఈ వ్యాసంలో మళ్ళీ వస్తుంది.

నేలలో పాతిపెట్టే మందుపాతరలు మన పత్రికల పాఠకులకు కొత్త కాదు. సముద్రపు మైను దానికి వరసకు అన్న అయినా, స్వభావం కొంత వేరు. ముంచడం దాని పనిలో సగమే, మిగతా సగం అనుమానం పుట్టించడం. ఒక రేవు ముందు నాలుగు మైన్లు ఉన్నాయన్న వార్త చాలు, ఆ రేవుకు రావలసిన వాణిజ్య నౌకలు, వాటికి బీమా ఇచ్చే కంపెనీలు, అందులోంచి బయటికి రావలసిన యుద్ధనౌకలు అన్నీ ఆగిపోతాయి. పైగా మైనును పరిచినవాడు అక్కడ ఉండనక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వోల్ఫ్ అనే జర్మన్ నౌక 1917 తొలి నెలల్లో బొంబాయి తీరంలో మైన్లు జారవిడిచి తన దారిన తాను పోయింది. మంగోలియా అనే ప్రయాణికుల నౌక వాటిలో ఒకదానికి తగిలి మునిగింది ఆ జూన్‌లో, అంటే కొన్ని నెలల తర్వాత.

ఖర్చు లెక్క చూస్తే అసమానత ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1988 ఏప్రిల్ 14న పర్షియన్ గల్ఫ్‌లో శామ్యూల్ బి. రాబర్ట్స్ అనే అమెరికన్ ఫ్రిగేట్ ఒక ఇరాన్ మైనుకు తగిలి, అడుగున వెన్నెముక లాంటి దూలం విరిగి, మునగకుండా ఎలాగో నిలబడింది. ఆ మైను ధర సుమారు 1,500 డాలర్లని, నౌకను బాగుచేయడానికి దాదాపు 9 కోట్ల డాలర్లు పట్టిందని అమెరికన్ వర్గాలే చెప్పాయి. ఆ మైను నమూనా 1908 నాటి రష్యన్ రూపకల్పన. ఇనుప గోళం, దాని చుట్టూ సీసపు కొమ్ములు, ప్రతి కొమ్ములో ఆమ్లం నింపిన గాజు గొట్టం. నౌక తగిలి కొమ్ము వంగితే గాజు పగులుతుంది, ఆమ్లం కారి చిన్న బ్యాటరీ మేల్కొంటుంది, మందు పేలుతుంది. విద్యుత్తు కోసం ముందుగా ఏ ఏర్పాటూ అక్కర్లేదు కనుక ఇలాంటివి ఏళ్ళ తరబడి చావవు.

ఈ కొమ్ముల మైను లంగరు తాడుకు కట్టిన బంతిలా నీటి మధ్యలో తేలుతుంది కాబట్టి, దాన్ని తొలగించే ఉపాయం కూడా చాలా కాలం క్రితమే దొరికింది. రెండు వైపులా విచ్చుకునే ఉక్కు తాడును వెనుక ఈడ్చుకుంటూ ఒక నౌక వెళ్తుంది, తాడుకున్న కత్తెరలు మైను లంగరు తాడును తెంపుతాయి, పైకి తేలిన మైనును తుపాకీతో కాల్చేస్తారు. దీన్నే స్వీపింగ్ అంటారు, ఆ పని చేసే నౌక మైన్‌స్వీపర్. వల లాగడం తెలిసినవాళ్ళకు ఇది పెద్ద విద్య కాదు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బ్రిటన్ చేపల ట్రాలర్లనూ, వాటి మీది జాలర్లనూ పెద్ద ఎత్తున ఈ పనిలో పెట్టింది.

చిక్కంతా అడుగున పడుకునే మైనుతో వచ్చింది. దానికి తాడు ఉండదు, తగలవలసిన అవసరం లేదు. పైనుంచి వెళ్ళే ఉక్కు నౌక భూమి అయస్కాంత క్షేత్రంలో కలిగించే చిన్న మార్పును అది పసిగడుతుంది. 1939 నవంబర్‌లో జర్మన్ విమానం జారవిడిచిన అలాంటి మైను ఒకటి ఇంగ్లండ్‌లోని షూబరీనెస్ దగ్గర బురదలో పడి, సముద్రపు పోటు తగ్గినప్పుడు బయటపడింది. జాన్ ఔవ్రీ అనే నౌకాదళ అధికారి దాన్ని చేత్తో విప్పి నిర్వీర్యం చేయడంతో లోపలి రహస్యం తెలిసింది. నౌకల చుట్టూ విద్యుత్ తీగలు చుట్టి వాటి అయస్కాంత గుణాన్ని తగ్గించే పద్ధతి ఆ తర్వాతే వేగంగా వ్యాపించింది. అయితే మైన్ల తయారీదారులూ ఊరుకోలేదు. ఇంజన్ల చప్పుడు వినేవి వచ్చాయి. నౌక కదిలినప్పుడు దాని కింద నీటి పీడనంలో వచ్చే స్వల్ప తగ్గుదలను కొలిచేవి వచ్చాయి. ఈ మూడు లక్షణాలూ కలిస్తేనే పేలేవి వచ్చాయి. పది నౌకలను పోనిచ్చి పదకొండో దాని కింద పేలేలా లెక్కపెట్టుకునేవీ వచ్చాయి. అడుగున పేలిన మందు వాయువు పెద్ద బుడగగా ఉబ్బి నౌకను మధ్యలో ఎత్తుతుంది, బుడగ కుంగగానే నౌక నడుం కిందికి వాలుతుంది; చిల్లు పడకపోయినా నౌక రెండుగా విరగడానికి అది చాలు.

ఇలాంటి మైనును ఈడ్చే తాడు ఏమీ చేయలేదు. కరెంటు తీగలతో కృత్రిమ అయస్కాంత క్షేత్రం, యంత్రాలతో కృత్రిమ చప్పుడు సృష్టించి దాన్ని మోసగించే ప్రయత్నాలు జరిగాయి, ఇప్పటికీ జరుగుతున్నాయి. కానీ పెద్ద నౌక కలిగించే పీడనపు మార్పును నకలు చేయాలంటే మరో పెద్ద నౌకే కావాలి. లెక్కపెట్టే మైనుకైతే ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగితే సరిపోతుందో తెలియదు. మన వంటింటి పోలికతో ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చేటలో పోసి చెరిగితే ఊక, తవుడు ఎగిరిపోతాయి. బియ్యంలో కలిసిన రాయి మాత్రం బియ్యంతోపాటే నిలుస్తుంది, దాన్ని కంటితో చూసి వేలితో ఏరక తప్పదు. స్వీపింగ్ చెరగడం, మైన్ హంటింగ్ ఏరడం. మైన్ హంటర్ అనే నౌక ఈ ఏరడం కోసమే పుట్టింది.

ఏరే పని ఎంత నెమ్మదిగా సాగుతుందో చూడండి. సముద్రం అడుగును వీధులుగా గీసుకుని, నౌక మనిషి వడిగా నడిచేంత వేగంతో ఒక్కో వీధినీ దాటుతుంది. నౌక అడుగున సోనార్ ఉంటుంది, అంటే ధ్వనిని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో వస్తువులను పసిగట్టే పరికరం. ఈ సోనార్ చాలా ఎక్కువ పౌనఃపున్యంతో పనిచేస్తుంది. జలాంతర్గాములను వెతికే సోనార్‌లా కిలోమీటర్ల దూరం వినడం దానికి చేతకాదు, కొన్ని వందల మీటర్లలోపు మాత్రం వివరంగా చూడగలదు. తెర మీద ఏదైనా మెరిస్తే నౌక ఆగుతుంది. ఆపరేటరు చూసేది వస్తువును మాత్రమే కాదు, ఇసుక మీద అది వేసే నీడను కూడా. సాయంత్రపు ఎండలో గుంజ నీడ పొడవును బట్టి దాని ఎత్తు చెప్పినట్టు, ధ్వని పడని ఆ చీకటి భాగపు ఆకారాన్ని బట్టి అది రాయా, డ్రమ్మా, మైనా అని అంచనా వేస్తారు. అనుమానం తీరకపోతే కెమెరా ఉన్న చిన్న యంత్రాన్ని తీగతో కిందికి పంపుతారు, లేదా శ్వాస బుడగల చప్పుడు రాని ప్రత్యేక పరికరాలతో గజ ఈతగాళ్ళు దిగుతారు. మైనే అని తేలితే పక్కన పేలుడు పదార్థం ఉంచి, దూరంగా జరిగి, రెండింటినీ కలిపి పేలుస్తారు. చాలాసార్లు తేలేది మైను కాదు. సముద్రం అడుగున మనుషులు పారేసిన డబ్బాలకు, విరిగిన లంగర్లకు, పాత యంత్రాలకు కొదవ లేదు. అందుకే ఈ పని బాగా తెలిసిన నౌకాదళాలు శాంతి కాలంలోనే తమ రేవుల ముందరి దారులను పదే పదే సోనార్‌తో చూసి పటం గీసుకుంటాయి. నిన్న లేని రాయి ఇవాళ కనిపిస్తే దాన్నే ముందు పరీక్షిస్తారు. ఇంత చేసినా నౌకాధిపతి మైన్లు లేవని ఎన్నడూ చెప్పడు, ఫలానా శాతం నమ్మకంతో దారి శుభ్రమైందని మాత్రమే చెబుతాడు. ఈ వృత్తిలో నాకు అన్నిటికంటే నచ్చిన నిజాయితీ అదే.

మైన్ల మధ్యకే వెళ్ళవలసిన నౌక మైనుకు కనిపించకూడదు, వినిపించకూడదు. ఈ ఒక్క నియమమే దాని నిర్మాణాన్నంతా శాసిస్తుంది. పూర్వం చెక్కతో కట్టేవారు. 1973లో సేవలో చేరిన విల్టన్ అనే నౌకను బ్రిటన్ గాజునారను రెజిన్‌తో కలిపిన ఫైబర్‌తో కట్టింది, ఆ పదార్థంతో రూపొందిన మొదటి యుద్ధనౌక అదే. మన తీరంలో చెక్క నావల స్థానంలో ఫైబర్ బోట్లు వచ్చిన సంగతి జాలరి పేటలన్నిటికీ తెలుసు. ముడిసరుకు దాదాపు ఒకటే, అవసరాలు మాత్రం వేరు: జాలరికి తేలిక కావాలి, నౌకాదళానికి అయస్కాంతం అంటని ఒళ్ళు కావాలి. విల్టన్ అనుభవంతో హంట్ తరగతి నౌకలు వచ్చాయి. 60 మీటర్ల పొడవు, సుమారు 750 టన్నుల బరువు, 45 మంది వరకు సిబ్బంది; అప్పట్లో అంత పెద్ద ఫైబర్ యుద్ధనౌకలు మరెక్కడా లేవు. వాటిలో మొదటిదైన బ్రెకన్ 1980లో సేవలో చేరింది, మొత్తం 13 కట్టారు. వాటి డెల్టిక్ ఇంజన్లను అయస్కాంత గుణం తక్కువగా ఉండేలా ప్రత్యేకంగా తయారుచేశారు (అదే కుటుంబపు ఇంజన్లు ఒకప్పుడు బ్రిటిష్ రైళ్ళనూ లాగాయి). నౌక ఎంత చిన్నదైనా ధర చిన్నది కాదు. బహుశా అందుకే, పెద్ద నౌకలకూ విమానాలకూ డబ్బు పంచేటప్పుడు ప్రతి దేశంలోనూ మొదట కోత పడేది వీటి మీదే.

ఫాక్‌లాండ్ యుద్ధం మొదలైనప్పుడు ఈ తరగతి నౌకలు ఇంకా సరిగ్గా సిద్ధం కాలేదు. అందుకని బ్రిటన్ ఐదు చేపల ట్రాలర్లను స్వాధీనం చేసుకుని, నౌకాదళ సిబ్బందిని ఎక్కించి స్వీపింగ్ కోసం పంపింది. అర్జెంటీనా లొంగిపోయాక బ్రెకన్, లెడ్‌బరీ అనే రెండు హంట్ నౌకలు అంత దూరం ప్రయాణించి పోర్ట్ స్టాన్లీ ముందు మిగిలిన మైన్ల పని చూశాయి.

అసలు పరీక్ష 1991 గల్ఫ్ యుద్ధంలో, ఇరాక్ ఆక్రమించిన కువైట్ తీరంలో ఎదురైంది. ఇరాక్ అక్కడ 1,200కు పైగా మైన్లు పరిచింది. కొన్ని పాత కొమ్ముల రకం, కొన్ని ఇటలీలో తయారైన మాంటా రకం. మాంటా అర మీటరు కూడా ఎత్తులేని, తలకొట్టేసిన శంకువు ఆకారపు మైను. దాని తొడుగు కూడా ఫైబర్‌దే. వేటాడే నౌక ఏ కారణంతో ఫైబర్ ఒళ్ళు తొడుక్కుందో, దాక్కునే మైనూ ఇంచుమించు అదే కారణంతో తొడుక్కుంది. పొట్టిగా ఉండటంతో దాని నీడ కూడా పొట్టిదే. అక్కడి బ్రిటిష్ నౌకలకు నాయకత్వం వహించినవాడు తొమ్మిదేళ్ళ క్రితం అలాక్రిటీని జలసంధిలో నడిపిన క్రెయిగే. ఈసారి అతని దగ్గర అథర్‌స్టోన్, కాటిస్టాక్, డల్వర్టన్, హర్‌వర్త్, లెడ్‌బరీ అనే ఐదు హంట్ నౌకలున్నాయి.

ఆ ఏడాది ఫిబ్రవరి 18వ తేదీ తెల్లవారుజామున అమెరికా మైన్ల నిర్మూలన దళానికి ప్రధాన నౌకగా ఉన్న ట్రిపోలీయే ఒక కొమ్ముల మైనుకు తగిలింది. మైన్లను తొలగించే దళపు నాయక నౌకే మైనుకు తగలడంలో విడ్డూరం ఉంది కానీ, కారణం సాదాసీదాది. మైన్ల క్షేత్రపు సరిహద్దు ఇంకా ముందుందని అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ దళాలు అనుకున్నాయి, అప్పటికే వాళ్ళు దాని లోపల ఉన్నారు. మూడు గంటలు తిరగకముందే ప్రిన్స్‌టన్ అనే అధునాతన అమెరికన్ క్రూయిజర్ కింద మాంటా పేలి దాని వెనుక భాగాన్ని దెబ్బతీసింది. ఆ కాలపు అత్యుత్తమ రాడార్, క్షిపణులు ఉన్న నౌకను 16 మీటర్ల లోతు నీటిలో పడుకున్న ఒక ప్లాస్టిక్ శంకువు యుద్ధం నుంచి తప్పించింది. ఆ తర్వాతి రోజుల్లో హంట్ నౌకలు ముందు నడిచి, మిస్సూరి యుద్ధనౌక తన భారీ ఫిరంగులతో తీరాన్ని కాల్చగలిగేంత దగ్గరికి వచ్చేలా దారి తీశాయి. కువైట్ మీద సముద్రం వైపు నుంచి పెద్ద దాడి మాత్రం జరగలేదు. మైన్లు ఒక్కటే దానికి కారణం కాకపోయినా, ముఖ్యమైన కారణాల్లో ఒకటి.

యుద్ధం కొన్ని వారాల్లో ముగిసింది, మైన్లు ఏరడం నెలల తరబడి సాగింది. అనేక దేశాల నౌకలు ఆ పనికి వచ్చాయి. జపాన్ ఆరు నౌకలను పంపింది. ఆ దేశపు సముద్ర ఆత్మరక్షణ దళం విదేశీ జలాల్లో ఇలాంటి పని మీద వెళ్ళడం అదే మొదలు, 34 మైన్లను నాశనం చేసి వెనక్కి వెళ్ళింది.

మన బంగాళాఖాతానికీ ఈ అనుభవం ఉంది. 1971 యుద్ధం ముగిశాక చిట్టగాంగ్ రేవు మైన్లతో, మునిగిన నౌకలతో నిండిపోతే, బంగ్లాదేశ్ కోరిక మీద సోవియట్ నౌకాదళం 1972లో వచ్చి 1974 దాకా శుభ్రం చేసింది. అదే యుద్ధపు తొలి రోజుల్లో విశాఖపట్నం తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ కూడా మైన్లు మోసుకొచ్చింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి లోతున పేలే బాంబుల) వల్ల మునిగిందని భారత్, తన మైనే పేలి మునిగిందని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. కారణం ఏదైనా, శత్రువు విశాఖ ముందుకు మైన్లు తేగలడని ఆనాడే రుజువైంది. డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి లోపలి హార్బర్‌కు పోయే కాలువ ఎంత ఇరుకో చూసినవాళ్ళకు, అందులో ఒక్క మైను ఉందన్న అనుమానం తూర్పు నౌకాదళాన్ని ఎలా కట్టిపడేస్తుందో విడమర్చి చెప్పనక్కర్లేదు.

1978 నుంచి 1988 మధ్య భారత నౌకాదళం సోవియట్ యూనియన్ నుంచి 12 మైన్‌స్వీపర్లు కొన్నది. పాండిచ్చేరి తరగతి అని పిలిచిన ఈ నౌకలన్నిటికీ తీర ప్రాంతాల పేర్లే పెట్టారు. వాటిలో ఒకటి ఐఎన్‌ఎస్ కాకినాడ. వాటి ఒళ్ళు ఫైబర్ కాదు, అయస్కాంత గుణం తక్కువున్న ప్రత్యేక ఉక్కు. పేరుకు తగ్గట్టే వాటి ప్రధాన విద్య చెరగడం. అడుగున పడుకున్న నేటి మైన్లను ఒక్కొక్కటిగా ఏరే సామర్థ్యం వాటికి అంతంతమాత్రమే. 1986లో సేవలో చేరిన కాకినాడ, మూడు దశాబ్దాల తర్వాత 2017 మేలో ముంబైలో కార్వార్ నౌకతో కలిసి వీడ్కోలు తీసుకుంది. 2019 ఏప్రిల్‌లో విశాఖపట్నంలో ఐఎన్‌ఎస్ కోళికోడ్ జెండా దించడంతో ఈ వరుస పూర్తిగా ముగిసింది. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామినీ, టీయూ-142 విమానాన్నీ ప్రదర్శనకు పెట్టారు, పిల్లలు క్యూ కట్టి చూస్తారు. ఆ వరుసలో మైన్‌స్వీపర్ లేదు. ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

పాతవి పోతాయని నౌకాదళానికి ముందే తెలుసు, కొత్తవాటి ప్రయత్నం కూడా ఎప్పుడో మొదలైంది. దక్షిణ కొరియాకు చెందిన కాంగ్నామ్ సంస్థను ఎంపిక చేశారు. మధ్యవర్తుల ప్రమేయంపై ఆరోపణలు రావడంతో 2014లో ఆ టెండరు రద్దయింది. తర్వాత అదే సంస్థ పరిజ్ఞానంతో గోవా షిప్‌యార్డ్‌లో 12 నౌకలు కట్టాలనుకున్నారు, సుమారు 32,000 కోట్ల రూపాయల ఆ చర్చలు 2018లో కూలిపోయాయి. 2025 జూలైలో రక్షణ కొనుగోళ్ళ మండలి మళ్ళీ మైన్ల నిర్మూలన నౌకలకు సూత్రప్రాయ ఆమోదం తెలిపింది. సూత్రప్రాయ ఆమోదానికీ రేవులో నౌక నిలబడటానికీ మధ్య ఎన్నేళ్ళుంటాయో మన రక్షణ కొనుగోళ్ళను గమనించినవాళ్ళకు తెలిసిన విషయమే.

ఈ ఆలస్యం ఒక విధంగా కలిసొచ్చిందనే వాదన ఉంది. దాన్ని కొట్టిపారేయలేం. ఎందుకంటే ఈలోగా వేట పద్ధతే మారుతోంది. బెల్జియం, నెదర్లాండ్స్ కలిసి కట్టిస్తున్న 12 కొత్త నౌకలు మళ్ళీ ఉక్కువే. అవి మైన్ల మధ్యకు వెళ్ళవు. బయటే నిలబడి, మనిషి లేని పడవలనూ, నీటిలో తిరిగే డ్రోన్లనూ లోపలికి పంపుతాయి. నౌక మైనుకు కనిపించకూడదన్న పాత నియమాన్ని అవి తిరగరాశాయి: కనిపించినా ఫర్వాలేదు, దూరంగా ఉంటే చాలు. బ్రిటన్ కూడా ఫైబర్ నౌకలను ఒక్కొక్కటిగా తప్పిస్తూ అదే దారి పట్టింది. అయితే డ్రోన్ తెచ్చిన చిత్రంలో నీడ చదవడం ఇప్పటికీ అలవాటు మీద అబ్బే విద్యే. అలాంటి నౌకల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఆపరేటర్లు, గజ ఈతగాళ్ళు ఉన్న దేశాలకు ఈ మార్పు సులువు. నౌకలే లేకుండా ఆరేళ్ళకు పైగా గడిపిన దేశంలో ఆ అలవాటు ఎక్కడ నిలబడుతుందన్నది నౌకల సంఖ్య కంటే పెద్ద ప్రశ్న. గోదావరి ఒండ్రు చేరే కాకినాడ అఖాతం లాంటి చోట మైను బురదలో కూరుకుపోతే సోనార్‌కు నీడ కూడా దొరకదు. బియ్యం ఎగుమతికి పేరుపడ్డ ఆ రేవు ముందు ఏరే పని ఎలా చేయాలో ముందే తిరిగి చూసుకున్నవాళ్ళే చెప్పగలరు.

ప్రస్తుతానికి పరిస్థితి ఇలా ఉంది. విశాఖపట్నంలోని రక్షణ పరిశోధన సంస్థ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్, అయస్కాంతం, చప్పుడు, పీడనం లాంటి పలు సంకేతాలను పసిగట్టి పేలే అడుగు మైనును రూపొందించింది, 2025 మేలో దాన్ని నౌకాదళంతో కలిసి పరీక్షించారు. విశాఖలోని భారత్ డైనమిక్స్, హైదరాబాద్‌లోని అపోలో మైక్రో సిస్టమ్స్ దాని ఉత్పత్తి భాగస్వాములు. అదే ప్రయోగశాల మైన్లను వెతకడానికి మనుషులు మోసుకెళ్ళగలిగే చిన్న స్వయంచాలక జలవాహనాలను కూడా తయారుచేసింది. మైనూ, దాన్ని వెతికే యంత్రమూ ఒకే ఆవరణలో పుట్టాయి. ఆ యంత్రాన్ని మైన్ల అంచుదాకా మోసుకెళ్ళి, నెలల తరబడి సముద్రం మీదే ఉండి పనిచేయించే నౌక మాత్రం ఇంకా కాగితం మీదే ఉంది.